వైద్యునకు విశ్రాంతి ధర్మమా?

వైద్యుని శ్రీమన్నారాయణ స్వరూపునిగా భావించుట ఈ దేశమున చిరకాలమునుండి వచ్చుచున్న ఆచారము. ఆసుపత్రుల గోడలమీదను, మందుల దుకాణముల పలకలమీదను ఆ భావమును తెలుపు సంస్కృతవాక్యము వ్రాయబడి యుండుటను చూడనివారుండరు. ఆపరేషను గది ముందు నిలిచిన బంధువులు చేతులు జోడించి, "అయ్యా, ఇక మీరే మాకు దేవుడు" అనుటయు సర్వసాధారణము. ఆ మాట పలుకువారి మనస్సున కపటము లేదు. అయినను అందొక చిక్కు కలదు. దేవునకు ఆకలి దప్పులు లేవు, అలసట లేదు. దేవుడని పిలువబడిన ఆ మనుష్యునకు అవి యన్నియు కలవు. రాత్రియంతయు కన్ను మూయని వైద్యుని దేవుడని పిలిచి, దేవునినుండి కోరదగినదంతయు అతనినుండి కోరి, అది లభింపనినాడు అతనిపై చేయిచేసికొనుట ఈ కాలమున తరచుగా వినవచ్చుచున్న వార్త. మ్రొక్కిన చేతులే కొట్టుచున్నవనగా, ఆ మ్రొక్కులోనే ఏదో పొరపాటు జరిగి యుండవలెను.

ఆ వాక్యము ఒక శ్లోకము యొక్క చివరి భాగము. దేహము శిథిలమై వ్యాధులకు ఆటపట్టైన దశలో జీవునకు గంగోదకమే మందనియు, శ్రీహరియే వైద్యుడనియు దాని తాత్పర్యము. అందు ఉద్దేశ్యము శ్రీహరి, విధేయము వైద్యత్వము. అనగా శ్రీహరి వైద్యుడని చెప్పబడినదే కాని, ప్రతి వైద్యుడును శ్రీహరి యని చెప్పబడలేదు. సర్వాంతర్యామి యగు భగవానుడు వైద్యునియందును, రోగియందును, మందు సీసాలు కడుగు పనివానియందును సమానముగనే యున్నాడు గనుక వైద్యుని గౌరవించుటలో దోషము లేదు. దోషమంతయు అన్వయము తారుమారు చేయుటలో నున్నది. అన్వయము తారుమారైనచో సాధారణముగా అర్థము మాత్రమే చెడును. ఇచ్చట ఒక మనుష్యుని బ్రతుకు చెడుచున్నది.

రోగమును పోగొట్టు సామర్థ్యము పరమాత్మది. దానిని రోగివరకు చేర్చు చేయి వైద్యునిది. శ్రీవైష్ణవ సంప్రదాయమున అట్టివానికి కింకరుడని పేరు. అతడు చేయునది కైంకర్యము. కైంకర్యమునకు నియమము కలదు, వేళయు కలదు. తిరుమలలో రాత్రి కట్టకడపట జరుగు ఏకాంతసేవలో భోగశ్రీనివాసమూర్తిని, ధనుర్మాసమునందైనచో శ్రీకృష్ణమూర్తిని, మంచముపై పవళింపజేసి, తాళ్ళపాకవారి లాలి వినిపించి సన్నిధి తలుపులు మూయుదురు. వెలుపల ఎన్నివేలమంది భక్తులు నిరీక్షించుచున్నను ఆ సేవ మానరు. నిద్ర అక్కఱలేని స్వామికే ఆగమము నిద్రావేళను కల్పించినది. ఆ స్వామి పేరిట పిలువబడు మనుష్యునకు మాత్రము నిద్ర యెందులకని అడుగుట ఏ శాస్త్రమునందలి విధియో పెద్దలే చెప్పవలెను.

వైద్యులను, నర్సులను, వైద్యకళాశాలల అధ్యాపకులను పీడించుచున్న ఈ దుస్థితికి పాశ్చాత్యులు "బర్నౌట్" అని పేరు పెట్టిరి. కాలి బూడిద యగుట అని ఆ మాటకు భావము. నూనె తగ్గిన దీపమును చూచి తెలుగింటి ఇల్లాండ్రు వత్తి కొడిగట్టినదందురు. ఆ మాట దీనికి చక్కగా సరిపోవును. 1974వ సంవత్సరమున ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమునుండి ఒక వ్యాసమున దీనిని వర్ణించెను. అతడు పగలు తన వృత్తి చూచుకొనుచు, సాయంకాలములందు పేదలకై నడుపబడు ఉచిత వైద్యశాలలో సేవ చేయుచుండెడివాడు. అచ్చట తనతోపాటు పనిచేయువారి యందును, తనయందును ఈ స్థితిని గుర్తించెను. ఈ విషయము మనస్సునకు పట్టించుకొనదగినది. జీతమునకై వచ్చి గడియారము చూచుకొనుచు పనిచేయువారిలో గాక, స్వచ్ఛందముగా, ప్రేమతో వచ్చినవారిలో అది మొదట కనబడినది. శ్రద్ధ లేనిచోట కొడిగట్టుటకు వెలుగే లేదు గదా!

పిమ్మట 1981లో క్రిస్టినా మాస్లాక్ అను విదుషి, సుసాన్ జాక్సన్ అను మరియొకరితో కలిసి, ఈ స్థితిని కొలుచుటకు ఒక ప్రశ్నావళిని సిద్ధపరచెను. దాని ప్రకారము లక్షణములు మూడు. మొదటిది మనస్సు పూర్తిగా ఎండిపోవుట. పని వలన కలిగిన అలసట ఒక రాత్రి నిద్రతో తీరును, ఇది తీరదు. మూడవది తాను చేయునదంతయు వ్యర్థమను భావము. నడుమనున్న రెండవదే అన్నిటికంటె ప్రమాదకరము. ఎదుటనున్న రోగి మనుష్యుడుగా కనబడకపోవుటయే అది. అతని పేరు పోయి, "పదునాలుగో నెంబరు మంచము" మిగులును. ఆమె ఊరు, ఆమె బిడ్డలు పోయి, "ఆ గాల్‌బ్లాడరు కేసు" మిగులును.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టును. వైద్యుడు రోగి దుఃఖమున మునిగిపోరాదని పెద్దలు చెప్పలేదా? చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయమునందు వైద్యుని మనోవృత్తి నాలుగు విధములుగా చెప్పబడినది. అందరియెడ మైత్రి, ఆర్తులయెడ కరుణ, చికిత్సకు లొంగు వ్యాధి గలవానియెడ ప్రీతి, మరణోన్ముఖుడైన వానియెడ ఉపేక్ష. ఈ చివరిదానిని చూచి, కొడిగట్టిన మనస్సును ఉపేక్షయును ఒకటే యని భ్రమపడువారు కలరు. పైకి రెండును ఒకే తీరుగ కనబడుమాట నిజమే. రెండింటియందును కన్నీరు లేదు, కంగారు లేదు. కాని చరకాచార్యుడు ఉపేక్షను కట్టకడపట నిలిపెను. మైత్రితో దగ్గరకు పోయి, కరుణతో పరీక్షించి, ప్రీతితో చేయదగినదంతయు చేసి, ఇక భారము తనది కాదని తెలిసికొని విడుచుట ఉపేక్ష. రోగిని ఇంకను చూడకమునుపే విడిచివేయుట రెండవది. ఒకటి చేతినిండ పనిచేసి చేతులు కడుగుకొనుట. రెండవది చేతులు చాచలేకపోవుట. భారసమర్పణమను ప్రపత్తిరహస్యము తెలిసిన వైష్ణవునకు ఈ భేదము వేరుగా బోధింపనక్కఱలేదు. ఫలభారమును శ్రీహరి పాదములకడ దించుకొనుట వైద్యునకు రక్ష. అయినను దించుకొనుటకు గూడ ఒక నిముసము నిలుచుండు వ్యవధి కావలెను. ఒక మరణము సంభవించిన పది నిముసములలో మరియొక స్ట్రెచరు వచ్చుచోట ఆ వ్యవధి ఎచ్చటిది?

ఈ బాధ సామాన్యవైద్యునికంటె వైద్యకళాశాల అధ్యాపకునకు కలిగినప్పుడు దాని ఫలితము ఎక్కువ దూరము పోవును. విద్యార్థి శరీరనిర్మాణమును శవచ్ఛేదన గదిలో నేర్చుకొనును, వ్యాధిలక్షణములను పుస్తకమున నేర్చుకొనును. రోగి మంచముపై ఎట్లు కూర్చుండవలెనో, కీడైన కబురు ఎంత మెల్లగా చెప్పవలెనో, ముసలమ్మ చెప్పిన మాటనే మూడవసారి చెప్పుచున్నప్పుడు ఎట్లు వినవలెనో ఏ పుస్తకమునందును లేదు. అది వార్డులో గురువు వెనుక నడచుచు, గురువు ముఖము చూచి నేర్చుకొనవలసిన విద్య. వేదమునకు ఉచ్చారణ గురుముఖతః వచ్చినట్లే వైద్యమునకు దయ గురుముఖతః వచ్చును. గురువు కొడిగట్టినవాడైనచో శిష్యుడు ఆ విసుగునే నేర్పరితనముగా భ్రమించును, అతనివెనుక అతని శిష్యుడును అట్లే. స్వరదోషము గల అధ్యాపకుని వద్ద చదివిన పాఠశాల మొత్తము ఆ దోషముతోనే వల్లించును గదా!

అట్టి అధ్యాపకుని దినచర్య ఎట్టిది? ఉదయము ఓ.పి. చూడవలెను. వార్డులు తిరుగవలెను. ఆపరేషనులు చేయవలెను. మధ్యాహ్నము పాఠము చెప్పవలెను, పరీక్షలు జరుపవలెను, తనిఖీలకు వచ్చువారికి చూపవలసిన రికార్డులు వ్రాయవలెను, పదోన్నతి కావలెనన్న పరిశోధనవ్యాసములు ప్రకటింపవలెను. రాత్రి పిలుపు వచ్చినచో మరల బయలుదేరవలెను. భారతదేశమున 2014లో 387 వైద్యకళాశాలలుండగా 2024 నాటికి 780 అయినవి. 2023వ సంవత్సరములోనే ఆంధ్రప్రదేశ్‌లో 5, తెలంగాణలో 9 ప్రభుత్వ కళాశాలలు క్రొత్తగా ప్రారంభమైనవి. జిల్లాకొక పెద్దాసుపత్రి రావలెనను కోరిక సదుద్దేశముతో కూడినదే. భవనమును రెండు మూడేండ్లలో కట్టవచ్చును. అధ్యాపకుని అట్లు కట్టలేరు. ఎం.బి.బి.ఎస్.కు హౌస్‌సర్జన్సీతో కలిపి ఐదున్నర ఏండ్లు, పై చదువునకు మూడేండ్లు, సీనియరు రెసిడెంటుగా ఒక యేడు గడచినగాని ఒక అసిస్టెంటు ప్రొఫెసరు తయారుకాడు. ఆ పదేండ్ల వ్యవధిలో లోటునంతయు ఉన్నవారి భుజములమీదనే మోపవలసి వచ్చుచున్నది.

దేవుడని పిలువబడు భాగ్యమునకైనను నోచుకొననివారి మాట వేరుగా చెప్పవలెను. రాత్రి డ్యూటీ నర్సు, స్ట్రెచరు త్రోయు పనివాడు, పక్కబట్టలు మార్చు ఆయా. వారిని ఎవరును నారాయణునితో పోల్చరు. అయినను రోగి తెల్లవారుజామున మూడు గంటలకు దాహమని మూలిగినప్పుడు వినునది వారే. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము దేశమంతట జనులు వాకిళ్ళలో నిలిచి వీరందరికొఱకు చప్పట్లు కొట్టిరి. ఒక్క నెల తిరిగి, ఏప్రిల్ 22వ తేదీ నాటికి, వైద్యసిబ్బందిని కొట్టువారిని శిక్షించుటకు కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు జారీ చేయవలసి వచ్చెను.

ఇక పనిగంటల మాట. న్యూయార్కు నగరమున 1984లో పదునెనిమిదేండ్ల బాలిక యొకతె ఆసుపత్రిలో చేరిన కొలదిగంటలలోనే మరణించెను. ఆమెను చూచినవారు సుదీర్ఘమైన డ్యూటీలో నున్న శిక్షణ వైద్యులు. తండ్రి ఊరకుండక విచారణకు పట్టుబట్టెను. తత్ఫలితముగా 1989లో ఆ రాష్ట్రమున శిక్షణ వైద్యుల పని వారమునకు 80 గంటలు మించరాదని నియమమేర్పడెను. 2003లో ఆ దేశమంతటను అట్టి నియమమే వచ్చెను. భారతదేశమున 1992లోనే కేంద్రప్రభుత్వము రెసిడెంటు వైద్యుల పని సాధారణముగా దినమునకు 12 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని ఆదేశించి యుండెను. కాగితముమీద ఈ దేశమే దయగలది! పిదప 2024లో వైద్యవిద్యార్థుల మానసికారోగ్యమును విచారించిన జాతీయ వైద్యకమిషను వారి కార్యదళము, రెసిడెంటుల పని వారమునకు 74 గంటలు మించరాదనియు, వారమునకొక దినము సెలవీయవలెననియు సిఫారసు చేసెను. 48 అని వ్రాసిన ముప్పది రెండేండ్లకు 74కు తగ్గింపుడని వేడుకొనవలసి వచ్చెననగా, నడుమ జరిగినదేమో ఎవరికి వారు ఊహించుకొనవచ్చును. అదే 2024వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన కలకత్తాలో, ఒక ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీ నడుమ కాసేపు నడుము వాల్చుటకు సెమినారు గదిలోనికి పోయిన యువవైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. ఆ ఘోరమునకు దోషి ఘాతుకుడే. అయినను వైద్యురాలికి పండుకొనుటకు తలుపు గడియ గల గది యొకటి లేకపోయెనను సంగతియు ధర్మాసనము ముందునకు వచ్చెను. ఆగస్టు 20వ తేదీన సుప్రీంకోర్టు వైద్యసిబ్బంది భద్రతను, పనిపరిస్థితులను పరిశీలించుటకు జాతీయస్థాయి కార్యదళమును నియమించెను.

ఇందు గృహస్థుని వంతు లేదా? కలదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు. రోగికి చెప్పిన గుణములు జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన బాధను ఉన్నదున్నట్లు తెలుపగలుగుట. రోగి చికిత్సను పొందువాడు మాత్రమే కాడు. చికిత్సను మోయు నాలుగు పాదములలో తానొకడు. మంచమునకు మూడు కోళ్ళు విరిగినను నాలుగవది నిలుపవలెనని పట్టుబట్టు ఇల్లు ఉండునా? వ్రాసిచ్చిన మందు నాలుగు దినములకే మాని, వ్యాధి ముదిరిన పిదప అర్ధరాత్రి పదిమందితో ఆసుపత్రిపైకి పోవుట, పగలు ఓ.పి.లో చూపించుకొనదగిన దగ్గునకు క్యాజువాలిటీ తలుపు తట్టుట, దూరపు చుట్టమగు డాక్టరునకు భోజనవేళ ఫోను చేసి రిపోర్టులు చదివి వినిపించుట, ఇవి చిన్నవిగానే తోచును. వినువానికి దినమునకు ఇట్టివి నలుబది.

ఈ విషయమున వేదాంతము చెప్పువారును కొందఱు కలరు. ఫలాపేక్ష లేక పనిచేయువానికి అలసట రాదనియు, గీతోపదేశమును మనస్సున పట్టించుకొన్నచో వైద్యునకు ఈ క్లేశము తొలగుననియు వారి మాట. వైద్యుడు తనకు తాను ఈ మాట చెప్పుకొన్నచో అది సాధన. ఆ వైద్యుని చేత ముప్పదియారు గంటలు పని చేయించు అధికారి చెప్పినచో అది తప్పించుకొనుట. ఆహారము, విహారము, నిద్ర, మెలకువ అన్నియు మితముగా నున్నవానికే యోగము దుఃఖహరమగునని ఆ గీతయందే ఆరవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చియున్నాడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో బర్నౌటును వర్గీకరించినప్పుడు దానిని వ్యాధిగా గాక, పనిచోట తీరని ఒత్తిడినుండి పుట్టు వృత్తిసంబంధమైన స్థితిగా పేర్కొన్నది. దోషము పనిచోట నుండగా మందు మనిషికి మాత్రమే పోయుట ఎట్టి చికిత్స? గీతను చెప్పిన ఆచార్యుడు పగ్గములు తన చేత పట్టుకొని చెప్పెనను సంగతిని మరువరాదు. ఆయన పగ్గములు పట్టిన తీరు ద్రోణపర్వమునందు కలదు.

అది భారతయుద్ధమున పదునాలుగవ నాడు. సూర్యాస్తమయములోపల సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిజ్ఞ చేసియున్నాడు. ప్రొద్దు మధ్యాహ్నము దాటినది. సైంధవుడింకను దూరముననే యున్నాడు. ఒక్క నిముసము వృథాయైనను ప్రాణమునకే ముప్పు. ఆ తరుణమున అర్జునుడు గుర్రములవైపు చూచెను. అవి బాణములు నాటుకొని, దప్పిచే డస్సియున్నవి. ఏమి చేయుదమని అతడడిగెను. కాలము లేదు, తోలుమనలేదు శ్రీకృష్ణుడు. గుర్రములను విప్పుటయే మేలని తానును సమ్మతించెను. అర్జునుడు నేలను బాణముతో భేదించి నీటిమడుగు కల్పించెను, బాణములతోనే ఒక గృహమును కట్టెను. అందు జగన్నాథుడు కాడి విప్పి, గుర్రముల మేనులనుండి బాణములు పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, నేలపై పొరలనిచ్చి, మేపి, అవి తేరుకొనిన పిదప మరల రథమునకు కట్టెను. ఆయన ముఖమున తొందర లేదు. ప్రతిజ్ఞయు నెరవేరెను.

ఈ కథయందు ఒక సంగతి తరచుగా చదువరుల దృష్టికి రాదు. గుర్రములు విశ్రమించినంతసేపు యుద్ధము ఆగలేదు. శత్రువులు అదను దొరకినదని నలువైపుల క్రమ్మిరి. అర్జునుడు రథము దిగి, నేలపై నిలిచి, ఒక్కడే వారినందరిని నిలువరించెను. రోగము ఆగదు గదా, వైద్యుడెట్లు ఆగునని అడుగువారికి సమాధానము ఇచ్చటనే యున్నది. ఒకరు పండుకొన్నప్పుడు మరియొకరు నిలువవలెను. ఆ మరియొకని నియమించుట, జీతమిచ్చుట, గది చూపుట, ఖాళీగానున్న ఉద్యోగములను పూరించుట ఆసుపత్రి పగ్గములు పట్టినవారి కర్తవ్యము. ప్రాణము పోవుచున్నను రోగికి కీడు తలపెట్టరాదని చరకుడు శిష్యుని చేత ప్రతిజ్ఞ చేయించెను. నిద్ర లేని చేతితో సూది గ్రుచ్చుట, తూగుచున్న కంటితో మందు మోతాదు వ్రాయుట ఆ ప్రతిజ్ఞకు ఎంతవరకు అనుకూలమో ఆలోచింపవలసినది వైద్యుడొక్కడే కాదు.

అదే పర్వమున, సైంధవుడు కూలిన రాత్రి, యుద్ధము ఆగక సాగెను. చీకటిలో సైనికులు నిద్రతో కన్నులు తెరువలేక, తమవారెవరో పెరవారెవరో ఎరుగక ఒకరినొకరు నరుకుకొనుచుండిరి. అప్పుడు అర్జునుడు బిగ్గరగా పలికి, చంద్రుడుదయించువరకు ఇచ్చటనే పండుకొనుడని అందరికిని చెప్పెను. ఆ మాటను కౌరవసేనయు అంగీకరించినది. కొందఱు గుర్రముల వీపులమీద, కొందఱు ఏనుగుల మెడలమీద, కొందఱు వట్టినేలమీద ఒరిగిరి. ఒరుగుచు ఆ శత్రుసైనికులు అర్జునునకు మేలు కలుగవలెనని కోరుకొనిరని వ్యాసభగవానుడు వ్రాసినాడు.